24 మార్కుల న్యాయం

పదో తరగతి ఫలితాలు రాగానే నంద్యాల జిల్లాలో చాలా ఇళ్లలో ఒకటే లెక్క మొదలవుతుంది: ఈ మార్కులకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందా, రాదా? ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ మండలాల్లో జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు ఈ ప్రశ్న మరీ బరువైనది. 590 దాటినవాళ్ల ఫొటోలు పేపర్ల నిండా, ఫ్లెక్సీల నిండా కనిపిస్తుంటాయి. 2025లో 600కు 600 మార్కులు రావడం కూడా చూశాం. అవన్నీ చూసి 570 తెచ్చుకున్న అమ్మాయి ‘మనకెక్కడ వస్తుందిలే’ అనుకుని దరఖాస్తే పెట్టకుండా ఆగిపోవచ్చు. ఆమెకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ట్రిపుల్ ఐటీలను నడిపే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి మొత్తం మార్కుల్లో 4 శాతం అదనంగా కలుపుతుంది. అంటే 600కు 24. ఆమె 570 అక్కడ 594గా లెక్కకొస్తుంది. దీన్ని పేదపిల్లల మీద చూపే జాలి అనుకునేవాళ్లు చాలామంది. మార్కుల కొలతలోనే ఉన్న ఒక లోపాన్ని ఈ 24 సరిచేస్తున్నాయన్నది నా వాదన. ఈ సవరణ ట్రిపుల్ ఐటీల దగ్గరే ఆగిపోవడం అన్యాయం.

ఈ విశ్వవిద్యాలయం పుట్టుకలోనే ఆ ఆలోచన ఉంది. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో మూడు ప్రాంగణాలు తెరిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి తొలి ఛాన్సలర్. పల్లెల్లో తెలివైన పిల్లలను పదో తరగతి కాగానే తీసుకుని, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు హాస్టల్లో ఉంచి చదివించడం ఉద్దేశం. పది తర్వాతే ఎందుకంటే, అసలు దూరం పెరిగేది ఇంటర్లోనే. కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టగలిగినవాడు ఆ రెండేళ్లలో ముందుకు వెళ్లిపోతాడు, కట్టలేనివాడు అక్కడే ఉండిపోతాడు. రాష్ట్ర విభజనతో బాసర తెలంగాణకు వెళ్లగా, 2016లో ఒంగోలు, శ్రీకాకుళం చేరాక ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంగణాలయ్యాయి. ఒక్కోదానిలో ఏటా సుమారు వెయ్యి సీట్లు. రాష్ట్రమంతటి నుంచీ పోటీ పడేది వాటికే కాబట్టి ఒకటి రెండు మార్కుల తేడాలోనే వందలమంది తారుమారవుతారు.

ఇంతకీ మార్కు దేన్ని కొలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు నంద్యాలకు తెలిసినంత మరో ఊరికి తెలియదేమో. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేరుమోసిన ఊరది. ఏళ్ల తరబడి ఎక్కడెక్కడి నుంచో నిరుద్యోగులు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, మాక్ టెస్టు మీద మాక్ టెస్టు రాసి ఉద్యోగాలు కొట్టారు. వాళ్ల తెలివి నంద్యాల వచ్చాక పుట్టింది కాదు, పెరిగింది సాధన. పదో తరగతి మార్కుల్లోనూ ఈ సాధన పాలు తక్కువేమీ కాదు. పొద్దునా సాయంత్రమూ స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లవాడి 594లో అవన్నీ కలిసే ఉంటాయి. పత్తిచేలో సెలవుల్లో కూలికి వెళ్లి, ట్యూషన్ ముఖం చూడకుండా తెచ్చుకున్న 570లో అవి లేవు. కేసీ కెనాల్ కింద పొలం దిగుబడిని వానాధారపు చేను దిగుబడితో పోల్చి, రెండో రైతుకు సేద్యం రాదని ఈ సీమలో ఎవరూ అనరు. నీళ్ల లెక్క కూడా చూస్తారు. విశ్వవిద్యాలయం చేస్తున్నదీ అదే. గురుకులాల పిల్లలకు ఈ మార్కులు కలపకపోవడానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. వాళ్లకు హాస్టలు, చదువుకునే వేళలు, పర్యవేక్షణ ఎంతోకొంత ఉన్నాయి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. ఆటో నడిపే తండ్రి అప్పుచేసి పిల్లను చిన్న ప్రైవేటు బడిలో చేర్పిస్తే, ఆమె 590 తెచ్చుకుని కూడా 570 వచ్చిన అమ్మాయి కన్నా వెనకబడుతుంది. ఇది నిజమే, ఆ తండ్రి బాధ న్యాయమైనదే. బడి రకాన్ని బట్టి పేదరికాన్ని తూచడం మోటు కొలత. అయితే అది సులువుగా తనిఖీ చేయగల కొలత. ఆదాయ ధ్రువపత్రాలు ఎంత తేలిగ్గా పుడతాయో అందరికీ తెలుసు, పిల్ల ఏ బడిలో చదివిందో మాత్రం దాచలేరు. కొలత మోటుగా ఉంటే చిన్న ప్రైవేటు బడుల పేదపిల్లలను కూడా లెక్కలోకి తెచ్చేలా మెరుగుపరచాలి. ఉన్నదాన్ని తీసేస్తే ఆ ఆటో డ్రైవరు కూతురికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ సీట్లలో ఎక్కువ భాగం పోయేది పెద్ద స్కూళ్ల పిల్లలకే.

రెండో అభ్యంతరం: మార్కులు కలిపి చేర్చుకుంటే అక్కడి చదువును అందుకోగలరా? దీనికి ఊహలతో కాక అనుభవంతో జవాబు చెప్పవచ్చు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 1997లో ఒక చట్టం చేసింది. ప్రతి హైస్కూలులో మొదటి పది శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఇస్తామంది. పేదల బడైనా, ధనికుల బడైనా నియమం ఒకటే. శాండ్రా బ్లాక్, జెఫ్రీ డెన్నింగ్, జెస్సీ రాత్‌స్టీన్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను పరిశీలించారు. ఈ చట్టం వల్ల పెద్ద విశ్వవిద్యాలయంలో చేరగలిగిన వెనకబడిన బడుల పిల్లల్లో డిగ్రీ పూర్తిచేసేవారు పెరిగారు, సంపాదనా మెరుగుపడింది. వారివల్ల సీటు కోల్పోయి వేరే కాలేజీకి వెళ్లినవారు పెద్దగా నష్టపోయిన జాడ లేదు. సీటు విలువ అందరికీ ఒక్కటి కాదని దీని అర్థం. ఇంకో దారి ఉన్నవాడికి అది ఒక అవకాశం, లేనివాడికి బతుకు మారే మలుపు. ట్రిపుల్ ఐటీలో రెండేళ్ల పీయూసీ ఉన్నది ఆ దూరాన్ని పూడ్చుకోవడానికే. తెలుగు మీడియం అలవాటుతో వచ్చిన పిల్ల ఇంగ్లిషు పాఠంలో మొదటి ఏడాది తడబడితే, తప్పు ఎంపికది కాదు. సరిపడా శాశ్వత అధ్యాపకులను ఇవ్వడం, వెనకబడినవారికి విడిగా పాఠాలు చెప్పించడం ప్రభుత్వం పని. చేర్చుకుని వదిలేయడం న్యాయం కాదు.

ఇప్పుడు నంద్యాల వైపు చూడండి. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైంది. ఆళ్లగడ్డ పిల్లకు అది బస్సెక్కితే చేరే దూరం, నీట్ ర్యాంకు రీత్యా మాత్రం ఎంతో దూరం. కులాల వారీ రిజర్వేషన్లు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ప్రతి వర్గంలోనూ ముందుకొచ్చేది లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజు కట్టగలిగినవారే. పొరుగునున్న తమిళనాడు దీన్ని గుర్తించింది. జస్టిస్ కళైయరసన్ కమిషన్ పది శాతం సిఫారసు చేయగా, 2020లో ప్రభుత్వ బడుల పిల్లలకు వైద్యసీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. 2022లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. నీట్ అక్కడా ఉంది, అందులో అర్హత పొందినవారికే సీటు. ఇడుపులపాయలో ఒప్పుకున్న సూత్రాన్ని నంద్యాల మెడికల్ కాలేజీలో ఒప్పుకోకపోవడానికి ఆంధ్రప్రదేశ్ చెప్పగల కారణం నాకు కనబడదు.

చట్టం మారేలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలులో ఉపాధ్యాయులు ఫలితాల రోజే పిల్లల మార్కులకు 24 కలిపి చూపించాలి. ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ రాగానే దగ్గరుండి దరఖాస్తు చేయించాలి. సీటు ఖాయమని ఎవరూ చెప్పలేరు. దరఖాస్తు పెట్టని పిల్లకు మాత్రం ఆ 24 మార్కులు ఎందుకూ పనికిరావు. తల్లిదండ్రులారా, ఫ్లెక్సీ మీద బొమ్మ లేదని మీ పిల్లను తక్కువగా లెక్కించకండి. ఆమె వచ్చిన దారిని కూడా లెక్కలోకి తీసుకునే తలుపు ఒకటి ఉంది. ముందు దాన్ని తట్టించండి.