గజ్జెకట్టి భద్రాద్రికి
(నాట్యబాలికల తల్లులకు కొన్ని సూచనలు)

మన యాడపిల్ల నాట్యము నేర్చి, రామదాసు కీర్తన యొకదానికి అభినయము పట్టుటతోడనే ఆమెకును, ఆమె గురువునకును, మనకును గూడ ఒక కోరిక పుట్టును. భద్రాద్రి రాముని సన్నిధిని ఒక్కసారి గజ్జె కట్టవలెనని. కోరిక మంచిదే. కాని ఆ కోరికతో బయలుదేరు తల్లులలో పెక్కుమంది పట్టుబట్టలు, నగలు, పూలజడలు సర్దుకొనుటలో చూపు శ్రద్ధ పిల్ల అరికాళ్ళయందును, ఆమె త్రాగు నీటియందును చూపరు. మేమును మొదటిసారి అట్లే పోయితిమి.

అది చైత్రమాసము. ఆరుగురు బాలికలు, నలుగురము తల్లులము. మధ్యాహ్నము రెండుగంటలకు వేదికనుండి పిలుపు వచ్చెను. ఎండకు కాగిన బండలమీద పిల్లలు నూరడుగుల దూరము వట్టికాళ్ళతో నడచిరి. పదియేండ్ల పిల్ల యొకతెకు అరికాళ్ళు బొబ్బలెక్కెను. కట్టిన గజ్జెలు విప్పుచు ఆ పిల్ల యేడ్చిన యేడుపు మాకింకను వినబడుచున్నది. తప్పు ఎండది కాదు, మాది. సోదరీమణులకు అట్టిది కలుగకుండుటకై మేము నేర్చుకొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

ఎప్పుడు పోవలెను?

శ్రీరామనవమినాడు మిథిలా మండపమున కల్యాణము, మరునాడు పట్టాభిషేకము జరుగును. ఆ రెండు దినములును ఊరు జనసముద్రము. బస దొరకుట కష్టము. ఎండ నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. పెద్దపిల్లలు తట్టుకొందురేమో కాని, పన్నెండేండ్ల లోపువారిని తీసికొనిపోవుటకు ధనుర్మాసమున వచ్చు ముక్కోటి దినములు మేలు. ఏకాదశికి ముందునాటి సాయంకాలము గోదావరిలో తెప్పోత్సవము, తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనము కన్నులపండువుగా నుండును. అప్పుడు రాత్రులు చలి మెండు. కనుక ఆడుటకు ముందు పిల్లల కాళ్ళు చేతులు బాగుగా కదలించి వేడెక్కనీయవలెను.

ఆషాఢమునుండి భాద్రపదమువరకు గోదావరి వార్తలు చూడక బయలుదేరరాదు. నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటగా వంతెనమీద రాకపోకలు నిలిపివేసిరి. మొదటి హెచ్చరిక విన్ననాడే ప్రయాణము మానుకొనుట వివేకము. రాముడెచ్చటికిని పోడు.

దారి

రైలున వచ్చువారు 'భద్రాచలం రోడ్' అను పేరు చూచి మోసపోకుడు. ఆ స్టేషను కొత్తగూడెములో నున్నది. అచటినుండి పాల్వంచ, సారపాకల మీదుగా ఇంకను నలుబది కిలోమీటర్లు బస్సులోనో కారులోనో పోవలెను. నడిరాత్రి పిల్లలతో అచట దిగి వాహనమునకై వెదకుకొనుటకంటె పగటిరైలు మేలు. ఖమ్మమునుండి రోడ్డున వచ్చినచో సుమారు నూటయిరువది కిలోమీటర్లు. గోదావరిపై వంతెన 1965 లో తెరచిరి. అంతకుముందు యాత్రికులు పడవలపై దాటెడివారు.

ఖమ్మమువైపున వచ్చువారికి రామదాసు పుట్టిన నేలకొండపల్లి దూరము కాదు. కంచర్ల గోపన్న ఆ యూరివాడు. తానీషా ప్రభుత్వమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, ఆలయము కట్టించినందులకు గోలకొండ చెరసాలలో మ్రగ్గినవాడు. ఆ కథ తెలిసి ఆ నేల చూచిన పిల్ల కీర్తనలోని మొరను వేరుగా పట్టును. అభినయమున కంతకంటె మంచి పాఠము లేదు.

రాజమహేంద్రవరమునుండి మారేడుమిల్లి, చింతూరుల మీదుగా వచ్చువారికి ఘాటురోడ్డు మలుపులలో వాంతులగుట కలదు. ప్రయాణమునకు ముందు కడుపునిండ పెట్టక, ఇడ్లీవంటి తేలికపాటి ఆహారమీయుడు. పగటివేళనే ఆ కొండ దాటుడు. పాపికొండలకు పడవలో పోవువారు లైఫుజాకెట్టు కట్టుకొననిదే కాలు మోపరాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందరో మరణించిన సంగతి మరువదగినది కాదు.

పెట్టెలో నుండవలసినవి

బంగారు నగలు ఇంటనే యుంచుడు. సూర్యచంద్రులు, పాపిటబిళ్ళ, వడ్డాణము గిల్టువైనను రాముడు కోపింపడు. తోలుపట్టీలకు కుట్టిన గజ్జెలకంటె నూలుత్రాటికి గ్రుచ్చినవి ఆలయమున వాడుటకు మేలు. అదనముగా ఒక త్రాడు, కొన్ని గజ్జెలు, సూదిదారము, పిన్నీసులు ఉండవలెను. దుస్తులు మార్చుకొనుటకు చాటు ప్రతిచోట దొరకదు. ముదురురంగు దుప్పట్లు రెండు, ఒక త్రాడు ఉన్నచో ఏ మూలనైనను గది యేర్పడును.

ప్రతి పిల్ల దుస్తులలోను పేరు, తల్లి ఫోను నెంబరు వ్రాసిన చీటి కుట్టుడు. గుంపులో తప్పిపోయిన పిల్ల వేషములో నున్నప్పుడు భయముచేత పేరుకూడ చెప్పలేదు.

ఇంకొక మాట. తల్లులు బిడియపడి చెప్పుకొననిది. ఆడవలసిననాడే పెద్దపిల్లకు మాసధర్మము రావచ్చును. దానిని వాయిదా వేయుటకై ఎవరో చెప్పిన మాత్రలు వైద్యుని యడుగక ఇచ్చుట ప్రమాదము. ఆ పిల్ల స్థానమున ఆడుటకు మరియొకతెను ముందే సిద్ధపరచి యుంచుడు. అన్నిటికంటె ముఖ్యము, ఆ పిల్ల తానేదో అపరాధము చేసినట్లు కుమిలిపోకుండ చూడుడు.

వేదికయొద్ద

ఆటకు ముందునాడే చేరి, వేదికను పగటిపూట ఒకసారి నడచి చూడవలెను. బండ నున్నగా నున్నదా, మేకు లున్నవా, చాప జారునా అను సంగతులు అప్పుడే తెలియును. పిలుపు వచ్చువరకు పిల్లలకు మందపు నూలు మేజోళ్ళు తొడిగి, దారిలో తడిగోనెలు పరపించుడు. తరంగమునకు తెచ్చిన ఇత్తడిపళ్ళెమును ఎండలో విడువకుడు. అది పెనమువలె కాలును. తడిగుడ్డ చుట్టి నీడనుంచి, మీ యరచేయి దానిపై మోపి చూచిన పిదపనే పిల్లను ఎక్కనీయుడు.

కాలినచో ఇరువది నిమిషములు చల్లనినీటితో తడుపుడు. బొబ్బను చిదుపరాదు. సిరా, పండ్లపొడి పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికి చూపుడు.

ఆటకు రెండుగంటల ముందు పెరుగన్నమో, తేలికైన ఉప్మాయో చాలును. త్రాగుటకు కాచి చల్లార్చిన నీరే యీయుడు. చెమట మిక్కుటముగా పోసిన పిల్లలకు ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపుడు. చెంచా చిన్నదై, తలకొట్టి కొలిచినదై యుండవలెను. తల తిరుగుచున్నదన్న పిల్లను "ఇంకొక్క పాటయే" అని బ్రతిమాలి ఆడింపకుడు.

అడవిపల్లెలలో

చుట్టునున్న అడవిపల్లెలలో కోయలు నివసింతురు. వారి కొమ్మునృత్యమును పెర్మకోకు ఆట యందురు. పురుషులు అడవిదున్న కొమ్ములు గల తలపాగలు ధరించి డోళ్ళు వాయించుచు ఆడుదురు. స్త్రీలు చేతులు కలిపి వరుసగా అడుగులు వేయుదురు. 2022 లో పద్మశ్రీ పొందిన డోలి కళాకారులు సకిని రామచంద్రయ్యగారు మణుగూరు ప్రాంతపు కోయలే. కనుక మన పిల్లలకు వారిని వింతగా చూపక, సాటి నర్తకులుగా చూపుడు. అనుమతి లేనిదే ఫొటోలు తీయరాదు. కొమ్ములపాగ తాకరాదు. ఆడి చూపుమని కోరినచో తగిన ప్రతిఫలమిచ్చి, మన పిల్లలచేతను ఒక పాట ఆడించి చూపుట మర్యాద.

రాత్రి బసలో నేలపై పడుకొనబెట్టకుడు. కట్లపాము నిద్రించువారిని కరచుట కలదు. చీకటిలో టార్చిలైటు లేక పెరటిలోనికి పంపకుడు. ఒకవేళ కరచినచో మంత్రములకై కాలము పుచ్చక వెంటనే భద్రాచలమందలి ప్రభుత్వాస్పత్రికి చేర్పవలెను. దోమతెర ప్రతి పడకకును ఉండితీరవలెను. ఇది మన్యము. మలేరియా ఇంకను వదలిపోలేదు.

తిరిగి వచ్చిన పిదప

ఇల్లు చేరినంతనే యాత్ర ముగిసినదని మన మనుకొందుము. మలేరియా క్రిమి యొడలిలో చేరిన వారము పదిదినములకో, ఒక్కొక్కప్పుడు నెలకు పైగానో గాని జ్వరము చూపదు. అప్పుడు తల్లి "అందరి కన్నులును పిల్లమీదనే యుండెను" అని దిష్టితీసి ఊరకుండును. దిష్టి తీయవచ్చును, తప్పులేదు. కాని ఆనాడే రక్తపరీక్ష చేయింపుడు. అడవిప్రాంతమునకు పోయి వచ్చితిమని వైద్యునితో మొదటిమాటగా చెప్పుడు.

ఒకప్పుడు కూచిపూడి భాగవతులలో స్త్రీవేషములును పురుషులే కట్టి ఊరూర తిరిగెడివారు. ఆడుబిడ్డలు గజ్జెకట్టి దేశము తిరుగు కాలము వచ్చుటకు ఎందరి శ్రమయో కావలసివచ్చెను. ఆ బిడ్డ క్షేమముగా పోయి, క్షేమముగా తిరిగివచ్చినచో రేపు పొరుగింటి తల్లియు తన కూతును పంపును. బొబ్బలతోనో జ్వరముతోనో వచ్చినచో "ఆడపిల్లకు ఈ ఆటలెందుకు?" అను పాతమాట మరల లేచును.

మా బృందమున ఆనాడు ఆడలేకపోయిన పిల్ల మరుసటియేట ముక్కోటికి మాతో వచ్చినది. మేజోళ్ళు తానే అడిగి తొడిగికొన్నది. ఆమె ఆడుచుండగా ఆమె తల్లి ముఖమువంక చూడలేదు, పాదములనే చూచుచు కూర్చుండెను.