గ్రామ శిల్పసంపదకు విద్యార్థులే కాపరులు

వంశధార యొడ్డున శాలిహుండము కొండమీద ప్రాచీన బౌద్ధ స్తూపములు, చైత్యములు ఉన్నవి. 1919లో వీనిని గుర్తించి లోకమునకు తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. శ్రీముఖలింగ దేవాలయమునందలి శాసనముల లిపిని స్వయంకృషిచే నేర్చిరి. ఒక బడిపంతులు శ్రద్ధగా చూచినందుననే మన చరిత్రలో ఒక అధ్యాయము తెరచుకొన్నది. ఆ చూపు నేడు మన విద్యార్థులకు కావలెను.

శ్రీకూర్మము, అరసవల్లి వంటి క్షేత్రములు అందరికిని తెలిసినవే. కాని చెరువుగట్టున ఒరిగిన వీరగల్లునకు, చింతచెట్టు క్రింది శాసనమునకు కావలి యెవరు? గుప్తనిధి యున్నదను వదంతి పుట్టినచో రాత్రికి రాత్రి త్రవ్వువారు కలరు. విగ్రహములను దొంగిలించి అమ్ముకొనువారు కలరు. తెలియక శాసనపు రాతిని చాకిరేవు బండగా వాడువారును కలరు. రాయి కదలినచో అది ఏ కాలమున ఎవరు నిలిపిరో చెప్పు ఆధారము చెదరిపోవును. తరువాత రాయి దొరికినను ఆ సాక్ష్యము తిరిగి రాదు.

పోయిన శిల్పము మనదేయని నిరూపించుట యెట్లు? గుండ్లకమ్మ యొడ్డున నున్న చందవరము కథ వినుడు. అచ్చటి ప్రదర్శనశాలనుండి 2001లో బుద్ధుని ఆరాధకులను చెక్కిన సున్నపురాతి ఫలకమొకటి అపహరింపబడినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దానిని ఒక వర్తకునివద్ద కొన్నది. చందవరములో నుండగా తీసిన ఛాయాచిత్రము బయటపడుటచే నిజము తేలి, 2016లో ఆ ఫలకము మన దేశమునకు తిరిగి వచ్చినది. ఒక్క ఛాయాచిత్రము సముద్రము దాటి సాక్ష్యము చెప్పినది!

కావున ప్రతి పాఠశాలయందును ఒక పట్టిక పుస్తకము తెరువవలెను. విద్యార్థులు ఊరిలోని ప్రాచీన శిల్పముల ప్రక్కన కొలబద్ద నుంచి, నాలుగు వైపులను ఛాయాచిత్రములు తీసి, కొలతలు, స్థలము, తేదీ వ్రాయవలెను. శిల్పమును కదల్పరాదు, తోమరాదు, రంగు పూయరాదు. పుస్తకపు ప్రతి నొకదానిని పంచాయతీ కార్యాలయమునందు, మరియొకదానిని పురావస్తు శాఖకు ఇయ్యవలెను. స్థలవివరములు అపరిచితులకు తెలుపరాదు. పండుగనాడు తప్పెటగుళ్ళు, జముకుల కథ మూలమున ఈ సంగతులనే పెద్దలకు వినిపింపవచ్చును.

చట్టమును గూడ చెప్పవలెను. 1878 నాటి నిధుల చట్టము ననుసరించి, పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికినచో కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను. తెలిపిన రైతునకు చట్టము హక్కులు కల్పించినది. దాచినవానికి ఏడాదివరకు కారాగారశిక్ష. నూరేండ్లు మించిన శిల్పమును విదేశములకు తరలించుట 1972 నాటి చట్టముచే నేరము. శిక్ష ఆరు నెలలనుండి మూడేండ్లు, జరిమానా అదనము.

దొంగకు భయము తాళముకన్న ఊరివారి కన్నులయందే ఎక్కువ. ఆ కన్నులు తెరపించుట మన పిల్లల చేతిలో నున్నది. ఈ వారమే మీ ఊరి పట్టికలో మొదటి పుట వ్రాయింపుడు.