అరవై మంది... ఒక్క గొంతు

చైనా బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చదువుతారు. మాట్లాడమంటే తల దించుకుంటారు. తప్పు పిల్లలదేనా?

టీచర్ నడుముకు చిన్న స్పీకర్ పెట్టె, చెంప పక్కన సన్నటి మైకు. చైనా పట్టణాల్లోని పెద్ద బడుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. అది లేకపోతే వెనక బెంచీకి మాట చేరదు. ఒక్కో ఇంగ్లిష్ టీచరుకు సాధారణంగా రెండు సెక్షన్లు, సెక్షన్‌కు యాభై మంది, కొన్నిచోట్ల అరవై కూడా. పై తరగతుల్లోనైతే బెంచీల మీద పుస్తకాలు గోడలా పేర్చి ఉంటాయి. ఆ గోడ చాటున ఒకడు లెక్కలు చేసుకుంటుంటాడు, పక్కవాడు కునుకు తీస్తుంటాడు.

పాఠం చదవమంటే మాత్రం గది దద్దరిల్లిపోతుంది. అందరూ ఒక్క గొంతుతో చదువుతారు. ఆ కోరస్‌లో పెదవులు మాత్రమే కదిపేవాళ్లు ఎందరో టీచరుకు తెలియదు. అదే వాక్యం ఒక్కరిని లేచి చెప్పమంటే ఎవరూ లేవరు. తప్పు పలికితే ఇంతమంది ముందు పరువు పోతుందన్న భయం. పైగా అలవాటే లేదు. ఉండే వీలూ లేదు. పీరియడ్ 45 నిమిషాలు. టీచర్ నోరు మెదపకుండా మొత్తం పిల్లలకే వదిలేసినా అరవై మంది తరగతిలో తలకు ముప్పావు నిమిషం. ముప్పావు నిమిషంలో ఏ భాష వస్తుంది?

తరగతులు ఇలా కిక్కిరిసిపోవడానికి కారణం ఉంది. 2001 తర్వాత పదేళ్ల పాటు పల్లెల్లోని చిన్న బడులను పెద్ద ఎత్తున మూసి, పిల్లలను పట్టణ బడుల్లో కలిపారు. మంచి చదువు కోసం తల్లిదండ్రులూ అటే నడిచారు. 56 మంది, ఆపైన ఉంటే పెద్ద తరగతి, 66 మంది, ఆపైన ఉంటే అతి పెద్ద తరగతి అన్నది అక్కడి ప్రభుత్వ కొలమానం. అతి పెద్దవాటిని 2018 నాటికి, పెద్దవాటిని 2020 నాటికి దాదాపుగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుని చాలావరకు తగ్గించారు కూడా. అయినా తరగతిలో యాభై మంది ఉండటం నేటికీ మామూలు సంగతే.

ఇక పరీక్ష. కాలేజీ సీటు తేల్చే గావోకావోకు 2024లో 1.34 కోట్ల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చాలాచోట్ల మొత్తం 750 మార్కుల్లో ఇంగ్లిష్‌కు 150. గణితంతో, చైనీస్‌తో సమానం. ఆ 150లో వినడం, చదవడం, రాయడం అన్నిటికీ వాటా ఉంది. మాట్లాడటానికి మాత్రం చాలా రాష్ట్రాల్లో చోటే లేదు. గ్వాంగ్‌డాంగ్ 2011 నుంచి, బీజింగ్ 2021 నుంచి కంప్యూటర్ ముందు మాట్లాడించి మార్కులు వేస్తున్నాయి. మాటకు మార్కులు లేనిచోట టీచర్ చేసేదేముంది? మాటలు బట్టీ పట్టించడం, డిక్టేషన్ చెప్పడం, తప్పు రాసినవాళ్ల చేత పదిసార్లు రాయించడం, రాత్రికి వంద నోట్సులు దిద్దుకోవడం. విదేశీ టీచర్ వారానికి ఒక గంట వచ్చినా అది పిల్లలకు విరామం కిందే లెక్క. మార్కులు లేని గంట మరి.

పిల్లలకు ఆసక్తి లేదంటారే, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ మాటే. ఇంగ్లిష్ మూడో తరగతి నుంచి మొదలుపెట్టాలని విద్యాశాఖ 2001లో ఆదేశించింది. చాలా పల్లె బడుల్లో నేర్పే మనిషే లేడు. ఇంకో సబ్జెక్టు టీచరే అదీ చెప్పేవాడు. అలాంటి పిల్లాడు ఏడో తరగతికి వచ్చేసరికి, పట్నం పిల్లలు ట్యూషన్లలో ముందే అంతా చదివేసి ఉంటారు. వాడికి పాఠం అర్థం కాదు. అడిగేందుకు వీలుండదు. ఏడాది తిరిగేసరికి పుస్తకం మూసేస్తాడు. తొమ్మిదో తరగతి తర్వాత పరీక్షలో మార్కులు చాలకపోతే వృత్తి విద్య బడికి వెళ్లాలని ముందే తెలిసినవాడికి ఇంగ్లిష్ మీద మోజు ఎలా పుడుతుంది? వాడు సోమరి కాడు. వాడిని తరగతి ఎప్పుడో వదిలేసింది.

2021లో లాభాపేక్షతో నడిచే ట్యూషన్ సంస్థల మీద ప్రభుత్వం వేటు వేసింది. అదే ఏడాది ఇంగ్లిష్‌ను ప్రధాన సబ్జెక్టుల నుంచి తప్పించాలని జాతీయ రాజకీయ సలహా మండలి సభ్యుడు షూ జిన్ ప్రతిపాదించారు. విద్యాశాఖ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. బడిలో ఇంగ్లిష్ చెప్పడం మానేసినా డబ్బున్నవాళ్లు ఇంటికి టీచర్‌ను పిలిపించి నేర్పించుకుంటారు. నష్టపోయేది పల్లె పిల్లలే.

ఉన్నంతలోనే దారి వెతుక్కునే టీచర్లూ ఉన్నారు. అరవై మందిని నలుగురేసి గుంపులుగా కూర్చోబెడితే ఒకేసారి పదిహేను మంది మాట్లాడతారు. పక్క క్లాసువాళ్లు గోల అంటారు, అననివ్వాలి. వెనకబడినవాడికి ఇరవై మాటల బదులు ఐదే ఇచ్చి, ఆ ఐదూ రాస్తే మెచ్చుకుంటే మళ్లీ పుస్తకం తెరుస్తాడు.

అయితే ఒక్క టీచర్ ఓపికతో తేలే పని కాదిది. తరగతిని ముప్పైకి దించాలి. మాటకు మార్కులివ్వాలి. అక్షరాల దగ్గరే ఆగిపోయిన పిల్లలకు మొదటి నుంచి నేర్పే పీరియడ్ విడిగా పెట్టాలి. ఈ మూడూ చేయకుండా పిల్లలకు ఆసక్తి లేదనే హక్కు ఏ విద్యాశాఖకూ లేదు.