నాలుగణాల సభ్యుడు

పల్లె రైతునకు పార్టీలో చోటెప్పుడు దొరికినది? 1920 డిసెంబరున నాగపూరు మహాసభలో కాంగ్రెసు తన నిబంధనావళిని మార్చుకొన్నది. ఆశయముల నంగీకరించి ఏటికి నాలుగణాలు చెల్లించినవాడెల్ల సభ్యుడే. అంతవరకు ప్రధానముగ వకీళ్ల, విద్యాధికుల సభగా నుండిన సంస్థ గ్రామముల వరకు వేళ్లు దింపదలచినది.

ఆ సంస్కరణకు పరీక్ష గుంటూరు సీమలోని పెదనందిపాడు ఫిర్కాలో జరిగినది. నేడు ప్రత్తి, మిరప పండు ఆ నల్లరేగడి నేలపై 1922 ఆరంభమున పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున రైతులు భూమిశిస్తు నిరాకరించిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. శాంతిసేన వాలంటీర్లు ఊరూర కట్టుబాటు నిలిపిరి. జప్తులకును జనము బెదరలేదు.

అయితే ఇందుకు తగిన సన్నాహము జరిగినదా యని గాంధీజీ శంకించిరి. ఫిబ్రవరిలో ఉద్యమము ఆగినది. పోరాడినది ఫిర్కా, విరమణ నిర్ణయించినది పై కమిటీ.

రైతు మాట పైదాక వినబడవలెనన్న తపన మాత్రము చల్లారలేదు. 1936లో లక్నో కాంగ్రెసు వేళ అఖిల భారత కిసాన్ సభ వెలసినపుడు, దాని ప్రధాన కార్యదర్శి నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగాగారే. సభ్యత్వపు చీటీ చేతికందుట సంస్కరణకు తొలిమెట్టు మాత్రమే. ఆ సభ్యుని మాటకు తీర్మానమున చోటు దొరకుటయే దాని ఫలము.