స్కానింగ్ గదిలోకి బంధువులు వెళ్లవచ్చా?

కోల్‌కతా: ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ గదుల తలుపు వద్ద రోగి బంధువులను సిబ్బంది నిలిపివేయడం, దానిపై వాగ్వివాదం చెలరేగడం దేశమంతటా కనిపించేదే. గార్డెన్ రీచ్ వంటి చోట దానికి భాషా సమస్య కూడా తోడవుతుంది. హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, ఆ రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఆరంభమయ్యే వరకు వాల్తేరు డివిజన్ కూడా ఆగ్నేయ రైల్వేలోనిదే. ఖరగ్‌పూర్‌లోనైతే తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. బెంగాలీ, ఉర్దూ, హిందీల నడుమ తెలుగు వినిపించడం ఇక్కడ వింత కాదు.

బంధువును లోపలికి అనుమతించాలా వద్దా అన్నది ముందుగా యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఎక్స్‌రే, సీటీ పరీక్షల్లో వికిరణం వెలువడుతుంది. మీట నొక్కినంతసేపే అది ఉంటుంది. ఆ తరువాత గదిలో కిరణాలు నిలిచి ఉంటాయన్నది అపోహ మాత్రమే. అవసరం లేనివారు ఆ క్షణంలో లోపల ఉండరాదన్నదే నియమం. పసిబిడ్డను, కదలలేని వృద్ధులను పట్టుకోవలసి వస్తే ఆ పని సిబ్బంది కంటే బంధువు చేయడమే మేలు. ఇది కఠినంగా తోచవచ్చు గానీ, టెక్నీషియన్ రోజూ రోగులను పట్టుకుంటే ఆ మోతాదు ఏటికేడు పేరుకుపోతుంది. బంధువుకు అది ఒక్కసారితో ముగుస్తుంది. లోపల ఉండే బంధువు సీసపు ఆప్రాన్ ధరించి, కిరణాల దారికి పక్కగా నిలబడాలి. దూరం రెట్టింపైతే మోతాదు సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. గర్భిణులు, మైనర్లు ఈ పనికి పూనుకోరాదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి కాగా, తెలిసీ ఇష్టపూర్వకంగా రోగికి తోడుండేవారి విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాలు అంతకంటే ఎక్కువ మోతాదును అంగీకరిస్తాయి.

ఎంఆర్‌ఐలో వికిరణం లేదు. అందుకే ప్రమాదమూ లేదనుకుంటారు. అది ప్రాణాంతకమైన పొరపాటు. ఆ అయస్కాంతం పరీక్ష లేని వేళల్లోనూ పనిచేస్తూనే ఉంటుంది. 1.5 టెస్లా యంత్రపు బలం భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. 2018 జనవరిలో ముంబయిలోని నాయర్ ఆసుపత్రిలో, బంధువుకు తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్‌తో గదిలోకి వెళ్లి యంత్రం వైపు లాగబడి మరణించారు. 2025 జులైలో న్యూయార్క్ సమీపంలో, స్కానింగ్ పూర్తయిన భార్యను లేపేందుకు వెళ్లిన వ్యక్తి మెడలోని బరువైన గొలుసు కారణంగా ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరూ రోగులు కారు. కాబట్టి తోడు వెళ్లేవారిని కూడా రోగిని ప్రశ్నించినట్టే ప్రశ్నించాలి: పేస్‌మేకర్ ఉందా, శరీరంలో లోహపు క్లిప్పులు ఉన్నాయా, మంగళసూత్రం, గాజులు, పిన్నీసులు తీశారా అని. ఈ తనిఖీ పూర్తయితే, ఇరుకు సొరంగమంటే భయపడే రోగి చేయి పట్టుకొని కూర్చునేందుకు చాలాచోట్ల వీలు కల్పిస్తారు. శబ్దం తీవ్రంగా ఉంటుంది గనుక వారికీ చెవి ప్లగ్గులు అవసరం.

అల్ట్రాసౌండ్‌లో ఈ రెండు భయాలూ లేవు. అయితే 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం శిశువు లింగాన్ని గర్భిణికి గానీ బంధువులకు గానీ మాటతోనో సైగతోనో తెలపడం నేరం. చట్టం నిషేధించింది వెల్లడిని. తోడుగా ఉండటాన్ని కాదు. పురుష వైద్యుడు మహిళా రోగిని పరీక్షించేటప్పుడు మరో మహిళ ఉండాలన్న హక్కును జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం గుర్తించింది.

ఇక భాష. ఛాతీ ఎక్స్‌రేకు, సీటీకి రోగి ఊపిరి బిగబట్టాలి. టెక్నీషియన్ 'ధొరె రాఖున్' అంటే తెలుగు మాత్రమే తెలిసిన వృద్ధురాలు సరిగ్గా ఆ క్షణంలోనే తల తిప్పి ఏమన్నారని అడగవచ్చు. చిత్రం చెదురుతుంది, పరీక్ష మళ్లీ చేయాలి, వికిరణమూ మళ్లీ తగులుతుంది. ఇందుకు బంధువు గదిలోనే ఉండనక్కరలేదు. 'గాలి పీల్చండి', 'బిగబట్టండి', 'వదలండి' అన్న మూడు మాటలను ముందే రోగి చేత రెండుసార్లు సాధన చేయించవచ్చు. లేదా అద్దం వెనుక కంట్రోల్ గదిలోని మైకు నుంచి బంధువు చేతనే చెప్పించవచ్చు. అందుకు టెక్నీషియన్ అనుమతి తీసుకోవాలి; అది కూడా రోగి బల్ల ఎక్కకముందే అడగాలి.