జన చేప

పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత నెఱుగని గృహిణి మన గోదావరి సీమలో లేదు. యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమిపై బాలయోగి పేరిట నున్న వారధి దాపున, శ్రావణ భాద్రపదములందు జాలరులు చిన్న పడవలపై దీనికై వలలు పన్నుదురు. వరద తీసి శరత్తు సమీపించుకొలది సముద్రపు పోటు బలపడును; పోటుకు నీరు ఎగువకును, ఆటుకు దిగువకును నడచును. ఆ నడక నెఱిగి తెడ్డు వేయువానికే చేప దక్కును.

సముద్రమున విలస యనబడు నీ చేప, గుడ్లు పెట్టుటకే యేటి కెదురీది వచ్చి పులస యగుచున్నది. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, పిదప దానిచోట వెలసిన బ్యారేజియు దాని త్రోవ నడ్డగించినవి. మిగిలిన దారిలో వలలు. మనమా, జన యున్న చేపనే కోరి కొనుచున్నాము. ఆ జన యేటిలో పడకున్న రాబోవు ఏండ్లకు పులస యెక్కడిది?

బంగ్లాదేశమున ఆశ్వయుజ పూర్ణిమ ప్రాంతమున 22 దినములు దీనిని పట్టుట నిషిద్ధము. మన యింట నట్టి కట్టుబాటు గృహిణియే చేయవచ్చును. జన చేప వలదని చెప్పుడు. కడలికి మరలు పిల్లచేపలను కొనకుడు. లేనిచో మన మనుమరాండ్రకు సామెత మాత్రమే మిగులును.