పోటీని చెట్ల కిందికి మారుద్దాం

మన బతుకమ్మ, దసరా, దీపావళి వేడుకలు అమెరికాలో చాలాచోట్ల ఆకులు రంగు తిరిగే రోజుల్లోనే వస్తాయి. హాలు బయట పార్కింగ్ నిండా మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉంటే, లోపల మన పిల్లలు ప్రింటు తీసిన నెమలికి గీత దాటకుండా రంగు నింపుతుంటారు. చిత్రలేఖనం పోటీని ఈసారి చెట్ల కిందికి మార్చమని మన సంఘం కార్యవర్గానికి నా మనవి. తిని పారేసిన ముంజెకాయలకు పుల్ల గుచ్చి బండి తోలినవాళ్లం, కొబ్బరాకుతో వాచీ, బూర చేసుకున్నవాళ్లం. మనకిది కొత్తేం కాదు.

అన్నిటికన్నా తేలిక ఆకు అచ్చు. అప్పుడే రాలిన, ఇంకా మెత్తగా ఉన్న ఆకు కావాలి. ఎండినదైతే పెళుసుగా విరిగిపోతుంది. ఆకును బోర్లించండి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది వెనకవైపే. పైన పల్చని కాగితం పరిచి, క్రేయాన్‌కు చుట్టిన కాగితం ఒలిచేసి, దాన్ని పడుకోబెట్టి రుద్దాలి. మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది. ముందు తొడిమ కనిపిస్తుంది, తర్వాత పెద్ద ఈనెలు, ఆనక వాటి మధ్య సన్నటి వల. మేపుల్‌లో పెద్ద ఈనెలన్నీ తొడిమ దగ్గరే విడిపోతాయి. ఓక్‌లో నడి ఈనెకు అటూ ఇటూ చీలతాయి. తోరణానికి కొన్న మామిడాకు ఒకటి మిగిలితే దాన్నీ రుద్దించండి. అది ఏ చెట్టు పద్ధతో పిల్లలే పోలుస్తారు.

బెరడు అచ్చు కూడా అంతే, కాగితాన్ని మానుకు అదిమిపట్టి రుద్దడమే. బర్చ్ బెరడు మాత్రం ఒలవనివ్వకండి, ఆ మచ్చ మానదు.

ఆకుకు పసుపు రంగు ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. అది ముందునుంచీ ఆకులోనే ఉంది, పత్రహరితం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలావరకు ఈ ఋతువులోనే కొత్తగా తయారవుతుంది. పాయిజన్ ఐవీ కూడా ఇప్పుడే ముచ్చటగా ఎర్రబడుతుంది, పిల్లల చెయ్యి ముందు దానిమీదకే పోతుంది. తాకితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది కనుక ఆ మూడాకుల గుత్తిని ముందే ఫొటోలో చూపించండి.

శ్రీకాళహస్తి కలంకారీలో తొలి గీతలు చింతబరికె బొగ్గుతో గీస్తారు. అలాంటి బొగ్గు మనమూ చేసుకోవచ్చు, ఇక్కడ విల్లో పుల్లలు దొరుకుతాయి. బెరడు తీసి, కుకీల రేకు డబ్బాలో కుక్కి, మూతకు చిన్న బెజ్జం పెట్టి పెద్దవాళ్లే బార్బెక్యూ నిప్పుల్లో ఉంచాలి. పొగ ఆగాక బయటికి తీసి, పూర్తిగా చల్లారాకే మూత తెరవాలి. వేడిమీద తెరిస్తే గాలి తగిలి బూడిదే మిగులుతుంది. పట్టు పావడాలు మార్చాకే పిల్లల చేతికి బొగ్గు ఇవ్వండి.